వియ్యంకుడి గ్లాసులో నురగ

క్రితం సంచికలో చలికాలం పెరుగు తోడుకోకపోవడం గురించి రాస్తూ, ఈసారి దోసెపిండి సంగతి చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. దోసెపిండికి బదులు గోధుమ బీరు గురించి రాస్తున్నాను. కుటుంబ పత్రికలో బీరేమిటి అని ముక్కు విరిచే పెద్దలకు ముందే ఒక మనవి. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. ఇందులో అసలు కథ గ్లాసుది, గ్లాసు కడగడానిది, ఒక మొగుడు పెళ్ళానికి చెప్పకుండా దాచిన మాటది.

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం చాటుమాటు వ్యవహారం కాదు. 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమలయింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013లో గాని ఒప్పుకోలేదు. మన పత్రిక ఊళ్ళో ఉన్న చుట్టాలకు కూడా వెళుతుంది కనుక ఇంకో మాట: తమిళనాట ఇది నేరం. అక్కడ 1987 నుంచి కల్లు గీతకే అనుమతి లేదు, ఇక బీరు సంగతి చెప్పాలా! మా మహేంద్రమంగళం తమ్ముళ్ళు దీన్ని చదివి ఊరుకోవాలి.

మహేంద్రమంగళం ధర్మపురి జిల్లాలో పాలక్కోడు దగ్గర. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో రెండూ. ఆ ఊళ్ళో పెరిగినవాడికి నురగ అంటే మర్యాద కాదు, మోసం. పాలు పోసేవాడు చెయ్యి పైకెత్తి ఎత్తు నుంచి పోస్తే కొలత డబ్బాలో సగం నురగే. మా అవ్వ గడప మీద కూర్చుని "నురగ దిగనీ నాయనా, మాకేం తొందర లేదు" అనేది. నురగ దిగేదాకా వాడూ నిలబడేవాడు, అవ్వా కూర్చునేది. ఆఖరికి వాడే ఓడిపోయి ఇంకో చెంచాడు పోసేవాడు. అలాంటి అవ్వ మనవణ్ణి, అరవై ఏళ్ళు దాటాక, గ్లాసులో నురగ నిలవలేదని ఆరు నెలలు నిద్ర చెడగొట్టుకున్నాను.

మా అమ్మాయి చేసుకుంటానన్న అబ్బాయి జర్మనీవాడు. బవేరియాలో లాండ్స్‌హూట్ అనే పాత ఊరు వాళ్ళది. 2023 ఉగాదికి అబ్బాయి తల్లిదండ్రులు మిల్వాకీలో మా ఇంటికి మొదటిసారి వచ్చారు. నేను ఆయన్ని మన పద్ధతిలో "బావగారూ" అన్నాను. అది నాకు తోచిన ముద్దుపేరు కాబోలనుకుని ఆయన సంతోషించారు. మా ఆవిడ ఉగాది పచ్చడి, పులిహోర, మిరపకాయ బజ్జీలు చేసింది. నేనేమో అప్పటికి ఏడాదిగా బేస్‌మెంటులో బీరు చేయడం నేర్చుకుంటున్నవాణ్ణి. బవేరియా మనిషికి వాళ్ళ గోధుమ బీరే చేసి పోస్తే ఎంత బాగుంటుందని పొంగిపోయాను.

గోధుమ బీరంటే వాళ్ళకు సామాన్యమైన విషయం కాదు. ఒకప్పుడు దాన్ని చేసే హక్కు అక్కడి రాజవంశం తన చేతిలో పెట్టుకుంది. 1872లో గియోర్గ్ ష్నైడర్ అనే ఆయన ఆ హక్కు సంపాదించాకే ఆ రకం మళ్ళీ బతికింది. ఆ బీరులో మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమలు కనీసం సగమైనా ఉండాలి, మిగతాది బార్లీ. పొడుగాటి అర లీటరు గ్లాసులో పోస్తే పైన నాలుగు వేళ్ళ మందాన తెల్లటి నురగ నిలబడాలి. మా అవ్వ గుర్తుకొచ్చే సంగతి ఒకటుంది. జర్మనీలో గ్లాసు మీద కొలత గీత ఉంటుంది. బీరు ఆ గీత దాకా రావాలి, నురగ దానిపైన. నురగతో కొలత కొట్టే దుకాణాల మీద మ్యూనిక్‌లో 1899లోనే ఒక సంఘం పెట్టారు. అవ్వ అక్కడ పుట్టి ఉంటే దానికి అధ్యక్షురాలయ్యేది.

సరే, సీసా తీశాను, పోశాను. నురగ బ్రహ్మాండంగా లేచింది. వియ్యంకుడు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. నేను రెండు మాటల స్వాగతం చెప్పడం మొదలుపెట్టాను. రెండో మాట పూర్తయ్యేసరికి నురగ లేదు. గోధుమరంగు నీళ్ళలా బీరు, అంచు చుట్టూ నాలుగు పెద్ద బుడగలు. ఆయన గ్లాసు వంక ఒక్క క్షణం చూసి, నా వంక చూసి నవ్వి, "రుచి చాలా బాగుంది" అని మొత్తం తాగారు. రెండో గ్లాసు వద్దన్నారు.

వాళ్ళు వెళ్ళాక అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, నువ్వేమీ అనుకోకు. వాళ్ళ ఊళ్ళో నురగ చటుక్కున పడిపోతే గ్లాసు శుభ్రంగా లేదని అర్థమట. ఆయన మర్యాదకు చెప్పలేదు. ఇంట్లో అనుకుంటుంటే నేను విన్నాను. అమ్మకు మాత్రం చెప్పకు" అంది.

నాకు చెవుల్లో మంట పుట్టింది. మా ఆవిడ వంటిల్లు మీలో చాలామంది చూశారు. స్టవ్వు మీద ముఖం చూసుకోవచ్చు. అలాంటి ఇంట్లో గ్లాసు శుభ్రంగా లేదా? ఆ మాట ఆవిడ చెవిన పడితే ఏమవుతుంది? పెళ్ళి సెప్టెంబరులో. అమ్మాయికి చెప్పనని మాట ఇచ్చాను. పైగా నా మనసులో నేనే తీర్పు చెప్పేసుకున్నాను: తప్పు గ్లాసుది కాదు, నా బీరుది. సెప్టెంబరుకల్లా సరిచేస్తే ఆ మాట దానంతటదే పోతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాట్లు వరసగా చెబుతాను. మన సభ్యుల్లో కనీసం ముగ్గురు ఇవే పొరపాట్లు చేస్తున్నారని నాకు తెలుసు.

నురగ అంటే ఏమిటి? బీరులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బుడగలై పైకి వస్తుంది. సోడాలోనూ అంతే, కాని సోడా నురగ క్షణం నిలవదు. బీరులో గింజల నుంచి వచ్చిన మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, ప్రతి బుడగ చుట్టూ పల్చటి తొడుగులా అల్లుకుంటాయి. హాప్స్ అనే తీగ పువ్వుల చేదు ఆ తొడుగును గట్టిపరుస్తుంది. గోధుమ బీరులో హాప్స్ తక్కువ, కాబట్టి ఆ సాయమూ తక్కువే. బరువంతా ప్రొటీన్ల మీదే పడుతుంది. తొడుగు గట్టిగా ఉన్నంతసేపు నురగ ఉంటుంది. బుడగల మధ్య ద్రవం కిందికి జారిపోతుంది, చిన్న బుడగల్లోని వాయువు పక్కనున్న పెద్ద బుడగల్లోకి చేరుతుంది, పెద్దవి పగులుతాయి. ఎంత మంచి నురగైనా చివరికి పోవలసిందే. మన పని అది పోవడాన్ని ఆలస్యం చేయడం.

ఇంతవరకు చదివి నేను "గోధుమలో ప్రొటీన్ ఎక్కువ, కాబట్టి గోధుమ పెంచితే నురగ పెరుగుతుంది" అనుకున్నాను. మొదటి విడతలో నాలుగున్నర కిలోల గింజల్లో అరవై పాళ్ళు గోధుమ మాల్టు. ఏప్రిల్‌లో చేసిన రెండో విడతలో డెబ్బై పాళ్ళు వేశాను. బార్లీకి పైన పొట్టు ఉంటుంది, గోధుమకు ఉండదు. గింజల పిండిని వేడినీళ్ళలో నానబెట్టాక తీపి రసం కిందికి దిగాలంటే ఆ పొట్టే జల్లెడ. నేను జల్లెడను తగ్గించి పిండిని పెంచాను. గిన్నె అడుగున కుళాయి తిప్పితే చుక్క రాలేదు. అదంతా సంగటి అయి కూర్చుంది. రాగి సంగటి తిని పెరిగినవాణ్ణి, గోధుమ సంగటి ముందు రాత్రి పదకొండింటి దాకా గరిటె పట్టుకుని నిలబడ్డాను. గోధుమ ఎక్కువ వేయదలచినవాళ్ళు బీరు సామాన్ల దుకాణంలో దొరికే వరిపొట్టు గుప్పెడు రెండు గుప్పెళ్ళు కలపండి, రసం హాయిగా దిగుతుంది. నా బాధకు ఫలితం మాత్రం సున్న. మే నెలాఖరులో సీసా తీస్తే నురగ అంతకు ముందులాగే నలభై సెకన్లు.

మూడో విడతకు ఒక పాత పుస్తకం పట్టుకున్నాను. గింజల పిండిని 50 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అరగంట ఉంచమని అందులో ఉంది. ఆ వేడిలో పెద్ద ప్రొటీన్లను కోసే ఎంజైములు పనిచేస్తాయి. ఆ పుస్తకం వచ్చిన కాలంలో మాల్టు సగం సగం తయారై వచ్చేది, కనుక ఆ పని అవసరం. ఇప్పటి మాల్టుకు ఆ కోత మొలక దశలోనే అయిపోయి ఉంటుంది. మళ్ళీ కోస్తే తొడుగు అల్లవలసిన దారాలే తెగిపోతాయి.

ఇది నాకు తెలియని విద్య కాదు, అదే విడ్డూరం. మా అవ్వ చంటిపిల్లల జావకు రాగులు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలక తెల్లగా తొంగిచూడగానే విప్పి ఆరబోసేది. మొలక పొడుగైతే చిరాకుపడేది. మామూలు రాగిపిండి నాలుగు చెంచాలు వేస్తే ముద్దయ్యే నీళ్ళలో, మొలకల పిండి నాలుగు చెంచాలు వేసినా జావ పలచగా జారుతుంది. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని కోసేయడమే దానికి కారణం. అక్కడ కోసేది పిండిని, ఇక్కడ ప్రొటీన్‌ను. కత్తెరలు వేరు, సూత్రం ఒకటే. ఎప్పుడు ఆపాలో అవ్వకు తెలుసు. నేను పుస్తకం చూసి మళ్ళీ కత్తెర పెట్టాను. (లవంగం వాసన కోసం 44, 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపేవారున్నారు. అది వేరే ఉద్దేశం, దానితో నాకు పేచీ లేదు. 50 నుంచి 55 మధ్య ఎక్కువసేపు నిలబెట్టవద్దనే నేను చెప్పేది.)

జులై మధ్యలో మూడో విడత సిద్ధమైంది. ఒక శనివారం మధ్యాహ్నం, రుచి చూద్దామని సీసా తీసేసరికి పొడుగు గ్లాసులన్నీ డిష్‌వాషర్‌లో తిరుగుతున్నాయి. మా ఆవిడ అటూ ఇటూ చూసి, అటక మీద పెట్టెలో నుంచి ఒక గాజు పూలకూజా తీసింది. ఎవరో గృహప్రవేశానికి ఇచ్చింది, పదేళ్ళుగా పెట్టెలోనే ఉంది. కుళాయి కింద రెండుసార్లు తొలిచి, "దీంట్లో పోయండి, చూసే పనేగా" అంది.

పోశాను. నురగ లేచింది. నేను అలవాటుగా కిటికీ వైపు తిరిగాను, పడిపోవడం చూడలేక. ఆవిడ "ఇదిగో, ఉందే!" అంది. తిరిగి చూస్తే ఉంది. నిమిషం అయినా ఉంది. ఈలోపు డిష్‌వాషర్ ఆగింది. అందులోంచి ఒక గ్లాసు తీసి, చల్లార్చి, అదే సీసాలో మిగిలింది దాంట్లో పోశాను. నలభై సెకన్లలో మాయం.

ఒకే సీసా, రెండు పాత్రలు. మార్చి నెలలో చేయవలసిన పరీక్ష ఇది. ఖర్చు లేదు, శ్రమ లేదు, అయిదు నిమిషాల పని. నేను చేయలేదు. చేస్తే అమ్మాయి చెప్పిన మాట నిజమని తేలుతుందేమోనని భయం.

అప్పుడు చెప్పక తప్పలేదు. వియ్యంకుడి మాట, అమ్మాయి ఫోను, అన్నీ చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. కోపం వస్తుందనుకున్నాను, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "ఉగాది నుంచి ఆయన మన ఇంటి గురించి అలా అనుకుంటున్నారన్నమాట. మీకు తెలుసు. అమ్మాయికి తెలుసు. నాకే తెలియదు" అంది. కాసేపాగి లేచి, గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఆ రోజే చెప్తే ఆ రోజే సోడా వేసి కడిగేదాన్ని కదా! రెండు విడతల గోధుమలు తగలేశారు" అంది. అన్నిటికంటే ఆ గోధుమల మాట నాకు తేలికనిపించింది.

ఇప్పుడు గ్లాసు సంగతి. మన వంటింట్లో రోజుకు రెండు పూటలా పోపు పడుతుంది. నూనె ఆవిరి కంటికి కనిపించకుండా గాలిలో తేలి అలమారలో గ్లాసుల మీద వాలుతుంది. బాణలి తోమిన పీచుతోనే గ్లాసు తోముతాం. డిష్‌వాషర్‌లో గ్లాసులు మెరవడానికి ఒక మందు పోస్తాం, అది గాజు మీద పల్చటి పొరగా ఉండిపోగలదు. తుడిచే గుడ్డకు బట్టలు మెత్తబడే మందు వాసన. ఇవేవీ మురికి కావు. ఆ గ్లాసులో మంచినీళ్ళు, మజ్జిగ, రసం ఏది తాగినా తేడా తెలియదు. కాని బుడగ తొడుగుకు నూనెన్నా సబ్బన్నా గిట్టదు. రవంత నూనె తొడుగు మీద పరుచుకుని ప్రొటీన్ల అల్లికను విడగొడుతుంది. బుడగ పగులుతుంది, పక్కది పగులుతుంది. శుభ్రమైన గ్లాసు వేరు, బీరు గ్లాసు శుభ్రం వేరు. వియ్యంకుడిదీ తప్పు కాదు, మా ఆవిడదీ తప్పు కాదు.

"మరి పాలలోనే వెన్న ఉంది కదా, పాలు పితికినప్పుడు నురగెలా వస్తుంది?" అని మా ఆవిడే అడిగింది. మంచి ప్రశ్న. పాలలో కొవ్వు విడిగా తేలే నూనె కాదు. సూక్ష్మమైన గోళీలుగా, ఒక్కొక్కదానికి పైన పొర కప్పుకుని ఉంటుంది. పొర లోపలున్నంతసేపు బుడగ జోలికి అంతగా పోదు. గ్లాసుకంటిన నూనెకు ఆ కప్పు లేదు. ఆ మాట చెబుతుండగానే నాకు మా ఇంటి పాలచెంబు గుర్తొచ్చింది. దాన్ని వేరే గూట్లో బోర్లించేవారు, నూనె చెయ్యి తగలనిచ్చేవారు కాదు, పితికే ముందు నీళ్ళతో తొలిచేవారు. అది పాలు విరగకుండా చేసిన ఏర్పాటే అయి ఉండవచ్చు. కాని బీరు గ్లాసుకు చేయవలసింది అచ్చంగా అదే.

మీ గ్లాసును పరీక్షించడానికి తేలికైన దారి ఉంది. లోపల నీళ్ళతో తడిపి ఒంపేయండి. నీరు ఒకే పొరగా పట్టుకుంటే మంచిది. చుక్కలు చుక్కలుగా విడిపోతే నూనె ఉన్నట్టు. ఇంకా అనుమానమైతే తడి గ్లాసులో లోపల చుట్టూ ఉప్పు చల్లండి. నూనె ఉన్నచోట ఉప్పు అంటుకోదు, మచ్చలా ఖాళీ కనిపిస్తుంది. మేము చల్లితే మా గ్లాసులో ఇండియా పటమంత ఖాళీ కనిపించింది. మందు: వేడినీళ్ళలో రెండు చెంచాల చాకలి సోడా వేసి అరగంట నానబెట్టి, కొత్త పీచుతో తోమి, సబ్బు లేకుండా బాగా తొలిచి, గుడ్డతో తుడవకుండా చట్రం మీద బోర్లించి ఆరనివ్వడం. ఆ గ్లాసులు, ఆ పీచు వేరే ఉంచండి. మా ఇంట్లో అవి ఇప్పుడు వంటింట్లో లేవు, హాల్లో పుస్తకాల బీరువాలో ఉన్నాయి.

కథ ఇక్కడితో అయిపోలేదు. శుభ్రమైన గ్లాసులో గడియారం పెట్టి కొలిచాం. మిగిలిన మొదటి విడత సీసాలో నురగ సగానికి దిగడానికి రెండు నిమిషాలు పట్టింది. 50 డిగ్రీల అరగంట ముచ్చట తీర్చుకున్న మూడో విడతకు ఒక్క నిమిషం. అంటే నా బీరులోనూ లోపముంది, గ్లాసు దాన్ని కప్పిపెట్టింది. ఇలా కొలవడం పిచ్చిపని అనుకోకండి. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో అర్ండ్ లైకే అనే భౌతికశాస్త్రవేత్త బీరు నురగ ఎత్తును కాలంతో పాటు కొలిచి, రేడియో ధార్మిక పదార్థం తరిగినట్టే అదీ తరుగుతుందని చూపి, 2002లో నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన కొలిచిన మూడు బీర్లలో ఒకటి గోధుమ బీరే. మీరు కొలిచేటప్పుడు సీసా చల్లదనం, పోసే ఎత్తు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు.

నాలుగో విడత జులై ఆఖరు వారంలో చేశాను. గోధుమ మళ్ళీ అరవై పాళ్ళే. 50 డిగ్రీల మజిలీ తీసేశాను. 66 దగ్గర గంటసేపు, తర్వాత 72 దగ్గర పావుగంట. ఈ రెండో మజిలీ నురగకు మేలు చేస్తుంది. పులిసే డబ్బాలో పైన బాగా ఖాళీ వదిలాను. గోధుమ బీరు ఈస్టు పాలపొంగులా పొంగి మూతలోంచి బయటికి పోతుంది, ఆ పోయే నురగతో పాటే ప్రొటీన్లూ పోతాయి. ఒకసారి నురగకు పనికొచ్చి ఎండిన ప్రొటీన్ మళ్ళీ పూర్తిగా పనికిరాదు. అందుకే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు మార్చేటప్పుడు కూడా గొట్టం అడుగుకు ఆనించి, చప్పుడు కాకుండా దించాను. ఈస్టు తాజాది వేశాను. పులియడం అయ్యాక మడ్డి మీద నెలల తరబడి ఉంచలేదు. నీరసించిన, చచ్చిన ఈస్టు నుంచి ప్రొటీన్‌ను కోసే ఎంజైము బయటికొస్తుంది, సీసాలో ఉండగానే నురగను తినేస్తుంది.

ఆఖరిది గ్యాసు. సీసాల్లో పోసే ముందు కలిపే చక్కెర కిట్టుతో వచ్చిన పొట్లంలో 140 గ్రాముల డెక్‌స్ట్రోజు ఉంటుంది. మామూలు బీరుకు అది సరిపోతుంది: 19 లీటర్లకు వేస్తే, లీటరు బీరులో రెండున్నర లీటర్ల వాయువు కరిగి ఉంటుంది. గోధుమ బీరుకు మూడు లీటర్లపైన కావాలి. బుడగలు కింది నుంచి ఎడతెగకుండా వస్తుంటేనే పైన పోయిన నురగకు బదులు నురగ చేరుతుంది. నేను 200 గ్రాములు వేశాను. ఇక్కడ గట్టిగా హెచ్చరిస్తున్నాను. ఈ ఒత్తిడికి పల్చటి సీసాలు పగులుతాయి, గాజుపెంకులు తుపాకి గుళ్ళలా ఎగురుతాయి. గోధుమ బీరుకని చేసిన మందపాటి సీసాలే వాడాలి. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు వరసగా మూడు రోజులు ఒకే అంకె చూపించాకే సీసాల్లో పోయాలి. సీసాలు మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. మనవలు తిరిగే ఇంట్లో ఈ విషయంలో మొహమాటం వద్దు.

సెప్టెంబరు మొదటివారంలో పరీక్ష చేశాం. సగానికి దిగడానికి నాలుగు నిమిషాలకు పైనే పట్టింది. తాగిన కొద్దీ గ్లాసు లోపల తెల్లటి వలయాలు మిగిలాయి. గడియారం పట్టుకున్నది మా ఆవిడ. గ్లాసులు కడిగింది కూడా తనే, నన్ను ముట్టుకోనివ్వలేదు.

పెళ్ళికి మూడు రోజుల ముందు వియ్యాలవారు వచ్చారు. నేను సీసా తీయబోతే మా ఆవిడ నా చేతిలోంచి తీసుకుని, గ్లాసుతో సహా వియ్యంకుడి ముందు పెట్టి, "అన్నయ్యగారూ, ఈసారి మీరే పోసుకోండి" అంది. అమ్మాయి తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆయన గ్లాసు ఎత్తి దీపం వెలుతురులో చూశారు. చన్నీళ్ళతో ఒకసారి తొలిచి, తడి గ్లాసును పక్కకు వంచి, సీసా మూతి లోపలికి పెట్టి నెమ్మదిగా ఒంపారు. కొంచెం మిగలగానే సీసాను గుండ్రంగా తిప్పి అడుగు మడ్డిని కలిపి, ఆ చివరి గుక్కను మధ్యలో పోశారు. నురగ గ్లాసు అంచు దాటి, గోపురంలా నిలబడింది. ఆయన వెంటనే తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నారు. మేమందరం చూస్తూ కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన లేచి మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ జోడించి నమస్కారం చేశారు. ఎవరు నేర్పారో తెలియదు.

ఆ తర్వాత ఒక గుక్క తాగి, ఒక మిరపకాయ బజ్జీ తిని, మళ్ళీ గ్లాసు నోటికెత్తారు. పెదవి తగిలిన వైపు నురగ చెదలు పట్టినట్టు తగ్గడం మొదలైంది. నాకు ప్రాణం గొంతులోకొచ్చింది. బజ్జీ నూనె పెదవికంటి నురగను కొడుతుందని వివరించబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, బజ్జీల పళ్ళెం వైపు వేలు చూపించి, కాగితంతో మూతి తుడుచుకుని, గ్లాసును రెండోవైపుకు తిప్పుకున్నారు.

"ఇంకో వాయి వేయనా అన్నయ్యగారూ?" అంది మా ఆవిడ.

దోసెపిండి వచ్చే సంచికలో తప్పకుండా.